కూరలో కలిపే మందు, తల మీద వేసే ఒట్టు

బస్టాండు గోడ మీద, కరెంటు స్తంభం మీద, పల్లెటూళ్ళకి తిరిగే బస్సులో సీటు వెనక ఆ స్టిక్కర్ మీరూ చూసే ఉంటారు. ‘తాగుడు మాన్పించబడును. రోగికి తెలియకుండా ఇవ్వవచ్చు.’ కింద ఒక సెల్ నంబరు. తాగుడు గురించి మన ఇళ్ళల్లో ఎలా ఆలోచిస్తారో ఆ రెండో వాక్యం చూస్తే తెలిసిపోతుంది. తాగేవాడితో మాట్లాడక్కర్లేదు, వాడి ఒప్పుకోలు అక్కర్లేదు. పప్పులో కలిపి పెట్టేస్తే చాలు.

నేను తాగుడు మానేసి కొన్నేళ్ళయింది. తాగిన రోజుల కథలు మాత్రం ఇక్కడ చెప్పను. అవన్నీ ఒకేలా ఉంటాయి, ఊరి పేరూ బ్రాండు పేరూ మారతాయంతే. పైగా చెప్పిన కొద్దీ వాటికి లేని గొప్పతనం వచ్చేస్తుంది. నేను మాట్లాడదలచుకుంది మానిన తర్వాతి సంగతి. తాగుబోతుకు సిగ్గు లేదనీ, సిగ్గు తెప్పిస్తే మానతాడనీ మనవాళ్ళకి గట్టి నమ్మకం. నేను చూసినంతలో తాగేవాడికి ఉన్నంత సిగ్గు ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. పొద్దున కళ్ళు తెరవగానే ముందు వచ్చి కూర్చునేది అదే. రాత్రి ఏం వాగాడో సగం గుర్తుండదు, భార్య మొహం చూసి మిగతా సగం ఊహించుకుంటాడు. అది తట్టుకోలేకే షాపు షట్టర్ ఎత్తకముందే వెళ్ళి నిలబడతాడు. అలాంటివాడికి ఇంకో నాలుగు మాటలు అంటించి మాన్పిద్దామనుకుంటే, సాయంత్రం ఇంకో క్వార్టర్‌కి కారణం ఇచ్చినట్టే.

ముందు ఆ కూరలో కలిపే మందు సంగతి. స్టిక్కర్ పొడుల్లో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. కొన్ని ఇళ్ళల్లో మాత్రం నేరుగా డైసల్ఫిరామ్ మాత్రలే తెచ్చి నూరి కలుపుతారు. 1940ల చివర్లో డెన్మార్క్‌లో ఈ మందును తాగుడుకు వాడటం మొదలైంది. మనం తాగిన ఆల్కహాల్‌ని లివర్ ముందు అసిటాల్డిహైడ్ అనే విషంగా మార్చి, తర్వాత దాన్ని కూడా విరిచేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో పనిని ఆపేస్తుంది. విషం ఒంట్లో పేరుకుపోతుంది. తాగిన కాసేపటికే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్న మనిషైతే ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపాక కూడా వారం, రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. తెలిసినవాడు తాగకుండా జాగ్రత్తపడతాడు. తెలియనివాడు మామూలుగానే తాగి, ఏమవుతోందో అర్థంకాక ఆసుపత్రికి చేరతాడు. అక్కడ డాక్టరుకి చెప్పడానికి ఇంట్లోవాళ్ళకి నోరు రాదు.

అదే మాత్ర డాక్టర్ రాసిచ్చి, పరీక్షలు చేసి, ఏమవుతుందో వివరించాక, పొద్దున కాఫీ టైములో భార్య ఎదురుగా మనిషే తన చేత్తో వేసుకుంటే పరిస్థితి వేరు. ఇంకొకరి ఎదురుగా వేసుకున్నప్పుడే అది బాగా పనిచేస్తుందని డాక్టర్లూ చెబుతారు. ఎందుకంటే ఆ పూట నిర్ణయం అతను తీసుకున్నాడు, ఆమె చూసింది. తెలియకుండా కూరలో కలిపిన ఇంట్లో మనిషి మానలేదు, అతని మీద ఒక ప్రయోగం జరిగింది. ఏదో ఒక రోజు ఆ సంగతి బయటపడుతుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడానికి కూడా అనుమానమే.

ఒంటి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది వాదన కాదు, ప్రాణం. రోజూ బాగా తాగే మనిషి పౌరుషం కొద్దీ ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి చెదిరి, లేని మనుషులు కనిపిస్తారు, గోడల మీద పురుగులు పాకుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి షాపులు మూసేసిన వారం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు బారులు తీరారు. వాళ్ళలో చాలామంది కల్లు తాగేవాళ్ళు. కల్లులో కలిపే డైజీపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్ళు అలాగే ఎదురుతిరుగుతుంది. అప్పుడు ఊళ్ళో ‘దయ్యం పట్టింది’ అన్నారు, ‘నాటకాలాడుతున్నాడు’ అన్నారు. నాలుగైదు రోజులు ఆసుపత్రిలో సరైన మందులూ బి1 విటమిన్ ఇంజెక్షన్లూ ఇస్తే దాటిపోయే గండం అది. గదిలో పెట్టి గొళ్ళెం పెడితే మాత్రం మనిషి దక్కకపోవచ్చు.

ఆ నాలుగైదు రోజులు గడిచాక ఇంటికొస్తాడు కదా, అక్కడ మొదలవుతుంది అసలు చిక్కు.

మనకి తెలిసిన పద్ధతి ఒట్టు. పిల్ల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటారు. లేదా గుడికి తీసుకెళ్ళి దేవుడి ముందు ప్రమాణం. ఇంక జన్మలో ముట్టను అంటాడు, ఆ క్షణాన నిజంగానే అంటాడు. కానీ ఆ ఒట్టుకి ఒక లెక్క ఉంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు. జన్మంతా అని ఒట్టు వేసినవాడు ఒక్క గుక్క తాగితే ఒట్టు మొత్తం పోయింది. ఇంకో గుక్కకి కొత్తగా పోయేదేం లేదు. ‘ఎలాగూ తప్పాను కదా’ అనుకుని సీసా ఖాళీ చేస్తాడు, ఆ వారం మొత్తం ఇంటికే రాడు. అమెరికాలో అలన్ మార్లట్ అనే సైకాలజిస్టు సరిగ్గా ఈ ఆలోచన మీదే చాలా ఏళ్ళు పనిచేశాడు. తిరిగి తాగుడులో పడేయడంలో మొదటి గ్లాసుకున్న పాత్ర ఎంతో, ఆ గ్లాసు తర్వాత తాగినవాడు తన గురించి తాను ఏమనుకున్నాడన్నదాని పాత్రా అంతే అంటాడు. ఇక్కడ పైగా పిల్ల తల కూడా ఉంది. తండ్రి తాగిన మర్నాడు పిల్లకి జ్వరం వస్తే ఆ ఇంట్లో ఏం మాటలు నడుస్తాయో చెప్పక్కర్లేదు. పిల్లలు ఆ మాటలు వింటూనే ఉంటారు. నా మాట వినండి, పిల్లల తలలు వదిలేయండి.

1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు, ఒక స్టాక్ బ్రోకరూ ఒక డాక్టరూ, కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘంలో జన్మల లెక్క లేదు. ఇవాళ ఒక్కరోజు తాగను, అంతే. రేపు మళ్ళీ అదే. ఇందులో నాకు నచ్చని సంగతీ ఉంది. లేచి నిలబడి ప్రతిసారీ ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని చెప్పుకోవడం కొందరికి గుండె బరువు దించుతుంది, కొందరికి ఇంకో బరువు ఎక్కిస్తుంది. అది పడనివాళ్ళు డాక్టరు దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్ళి మానినవాళ్ళూ ఉన్నారు. ఏ దారైనా పర్వాలేదు. కానీ ఆ సంఘం మీటింగుల్లో ఒక్క విషయం చూసి ఆశ్చర్యపోయాను. నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఒక పని అప్పజెబుతారు. కుర్చీలు వేయాలి, టీ పెట్టాలి, లేదా గది తాళం దగ్గర పెట్టుకోవాలి. ఇంట్లో బీరువా తాళం దరిదాపులకి రానివ్వని మనిషి చేతికి ఒక తాళం! వాడు రాకపోతే ఆ పూట అందరూ బయట నిలబడాల్సిందే. వస్తాడు. అరగంట ముందే వస్తాడు.

మన దగ్గర ఇలాంటి ఏర్పాటు లేదనుకోకండి. ఏటా చలికాలంలో ఊరూరా ఉంటుంది. అయ్యప్ప మాల. రోజుకి రెండు క్వార్టర్లు లేనిదే నిద్రపట్టని మనిషి మాల వేసుకుని మండలం పాటు, 41 రోజులు, చుక్క ముట్టడు. చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, చెప్పుల్లేకుండా నడక. అందరూ ఇదంతా దేవుడి మీద భయం అనేస్తారు. భక్తిని తక్కువ చేయను, నాకూ ఉంది. కానీ ఆ 41 రోజులూ అతని చుట్టూ ఏం మారిందో చూడండి. నిన్నటిదాకా ‘వాడు’, ‘తాగుబోతు సచ్చినోడు’. ఇవాళ పొద్దున్నించీ ‘స్వామి’. భార్య స్వామీ అంటుంది, కన్నతల్లి స్వామీ అంటుంది, అప్పు ఇచ్చినవాడు కూడా ‘స్వామీ, వీలు చూసుకుని’ అంటాడు. ఊళ్ళో ఎవరింట్లోనో భిక్షకి పిలిచి, కాళ్ళు కడిగి, ఆకు వేసి వడ్డిస్తారు. సాయంత్రం తాగే టైముకి సరిగ్గా పూజ ఉంటుంది, భజన ఉంటుంది, పక్కన తనలాంటివాళ్ళే పదిమంది ఉంటారు. గురుస్వామి ఏదో ఒక పని చెబుతాడు. ఒక డీ-అడిక్షన్ సెంటర్ లక్షలు తీసుకుని కూడా ఇవ్వలేని ఏర్పాటు ఇది.

(రోజూ బాగా తాగేవాళ్ళు మాలకి ముందు డాక్టర్ని కలవాలి. మాల వేసుకున్న రెండో రోజు ఫిట్స్ వచ్చినవాణ్ణి చూశాను. ‘నియమం తప్పాడు, అందుకే’ అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. వాడు నియమం తప్పకపోవడం వల్లే వచ్చింది.)

మరి మాల తీశాక ఏమవుతుంది? శబరిమల నుంచి దిగి మాల తీసేసరికి చాలామందికి సంక్రాంతి. మా వైపు సంక్రాంతి అంటే కోడిపందాల బరులు, వాటి చుట్టూ మందు. ‘ఇన్నాళ్ళూ కంట్రోల్‌లో ఉన్నావు, ఇక కానియ్’ అని ఫ్రెండ్సే పోస్తారు. అదంతా అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే ముందు జరిగేది కనిపిస్తుంది. మాల తీసిన పూటే ‘స్వామి’ పోతుంది. ఆ మర్నాడు మళ్ళీ ‘వాడు’. 41 రోజులు ఒళ్ళు వంచి నిలబడిన మనిషి అదే, కానీ మర్యాద మాలది, మాలతో పాటే దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క ఇంట్లోనైనా, ‘నువ్వు 41 రోజులు ఉండగలిగావు, అది నీ వల్లే అయింది’ అని మాల తీసినవాడితో అన్నవాళ్ళు నాకు తగల్లేదు. ‘మళ్ళీ మొదలెడతాడు చూడు’ అన్నవాళ్ళు మాత్రం బోలెడుమంది.

సిగ్గు తెప్పించడం వల్ల ఏమవుతుందో కొలిచి చూసినవాళ్ళున్నారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీకి చెందిన జెస్సికా ట్రేసీ, డానియెల్ రాండిల్స్ 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్తగా తాగుడు మానినవాళ్ళని చివరిసారి తాగి బాధపడిన సందర్భం చెప్పమని వీడియో తీశారు. మాటల్ని పక్కనపెట్టి, చెప్పేటప్పుడు భుజాలు ఎంత ముడుచుకుపోయాయి, ఛాతీ ఎంత లోపలికి పోయింది, ఇవి లెక్కగట్టారు. ఎంత ఎక్కువ ముడుచుకుపోతే, తర్వాతి నెలల్లో మళ్ళీ తాగే అవకాశం అంత ఎక్కువగా కనిపించింది. అధ్యయనం చిన్నదే. కానీ అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1993లో, అమెరికాలో విలియం మిల్లర్ బృందం కౌన్సెలర్ల మాటతీరు మీద చేసిన పని కూడా అటే చూపించింది. కౌన్సెలర్ ఎంత నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నాడు. డబ్బు తీసుకుని, శిక్షణ పొంది నిలదీసేవాళ్ళ వల్లే అలా అయితే, మన బాబాయిలూ పెద్దమనుషులూ పంచాయతీ పెట్టి అరుగు మీద నిలబెట్టి కడిగేస్తే ఏమవుతుంది?

మరి పోయిన విలువ తిరిగి ఎలా వస్తుంది? ‘నిన్ను నువ్వు ప్రేమించుకో’ అని వాట్సాప్‌లో వచ్చే మాటల వల్ల రాదు. అద్దం ముందు నిలబడి నేను మంచివాణ్ణి అని చెప్పుకుంటే మాత్రం నమ్మేదెవరు? ఎదురుగా కనిపించేవాడి చరిత్ర మనకి తెలుసు కదా. నా విషయంలో అది మా మేనత్త చీటీ డబ్బులతో మొదలైంది. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తల్లో ఇంట్లో ఎవరూ నా చేతికి పది రూపాయలు కూడా ఇచ్చేవాళ్ళు కాదు. పాల ప్యాకెట్‌కి కూడా పక్కింటి కుర్రాణ్ణి పంపేవాళ్ళు. ఒకరోజు అత్త వచ్చి, రబ్బరుబ్యాండు వేసిన నోట్ల కట్ట తీసి, పైన పెన్సిల్‌తో లెక్క రాసిన కాగితం పెట్టి, ‘ఒరేయ్, నాకు మోకాళ్ళు నొప్పులు. ఇది చీటీ ఆఫీసులో కట్టి రసీదు తీసుకురా’ అంది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది, ఏమీ అనలేదు. చీటీ ఆఫీసుకి వెళ్ళే దారిలో రెండు వైన్ షాపులున్నాయి. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకునే నడిచాను. కట్టాను. తిరిగొచ్చాక అత్త కళ్ళజోడు పెట్టుకుని రసీదు మీద అంకె చూసి, తేదీ చూసి, బిల్లులు గుచ్చే తీగకు గుచ్చింది. ‘వచ్చే నెల ఎనిమిదో తారీకు’ అంది.

శభాష్ అనలేదు. నిన్ను నమ్ముతున్నాను అని కూడా అనలేదు. రసీదు అడిగింది, ఎవరినైనా అడుగుతుంది. నాకు కావలసింది అదే అని అప్పుడు తెలిసింది. గుడ్డిగా నమ్మితే భయం వేస్తుంది, అసలు నమ్మకపోతే ఒళ్ళు మండుతుంది. పని ఇచ్చి లెక్క అడిగితే నిలబడటానికి చోటు దొరుకుతుంది. డీ-అడిక్షన్ వార్డుకి వచ్చే కుటుంబాలకి నేను చెప్పేది ఇంతే. కరెంటు బిల్లు కట్టించండి, పిల్లని ట్యూషన్‌కి దింపమనండి, రేషన్ తెప్పించండి. చిల్లర లెక్క అడగండి. రాత్రి ఇంటికి రాగానే నోరు ఊదమనే పని మాత్రం మానుకోండి. అనుమానం ఉంటే సూటిగా ‘తాగావా?’ అని అడగండి. తాగకుండా వచ్చిన రోజున నోరు ఊదమంటే, రేపు తాగి రావడానికి వాడికి అదొక్కటి చాలు.

ఇదంతా విని ఒకామె నన్ను కడిగేసింది. ‘పదిహేనేళ్ళు తన్నులు తిన్నాను. నా గాజులు అమ్ముకున్నాడు. ఇప్పుడు మానేశాడని నేను ఆయనకి మర్యాద చేయాలా? నా విలువ సంగతెవరు చూస్తారండీ?’ ఆమె అడిగినదాంట్లో అబద్ధం లేదు. తాగినవాడు మానడం క్షమాపణకి టికెట్ కాదు. కొట్టిన మనిషి ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ ముందు క్షేమంగా ఉండాలి, అవసరమైతే వేరుగానే ఉండాలి. అతన్ని నిలబెట్టే పని భార్య మీదే వేయడం ఇంకో రకం వెట్టిచాకిరీ. అందుకే అత్తలూ, అన్నలూ, పనిచ్చే మేస్త్రీలూ, మీటింగు గదులూ కావాలి. ఆమె నమ్మితే నమ్ముతుంది, లేకపోతే లేదు. ఆమె నమ్మకం మీద ఆధారపడని విలువ అతను ఇంటి బయటే సంపాదించుకోవాలి. ఇంకో రకం వాళ్ళున్నారు, మానేసిన మూడో నెలకే ఇంటికి దేవుడైపోతారు. పిల్లలకి క్రమశిక్షణ పాఠాలు, భార్యకి ఉపదేశాలు, ‘నేనే మానగలిగాను, నువ్వు టీవీ మానలేవా’ అని దెప్పుళ్ళు. తాగినప్పుడే నయం అని ఇంట్లోవాళ్ళ చేత అనిపించుకున్నవాళ్ళు నాకు తెలుసు.

బయట ఇంకో పరీక్ష. పెళ్ళైనా, గృహప్రవేశమైనా, ఆఖరికి దినమైనా, సిట్టింగ్ లేకుండా గడవదు. ‘ఒక్క పెగ్గుకి ఏమవుద్ది, మగాడివేనా?’ అంటారు. తాగకపోతే మగతనం పోతుంది, తాగితే పరువు పోతుంది. మొదట్లో నేను బీపీ మాత్రలు వేసుకుంటున్నానని తప్పించుకునేవాణ్ణి. తర్వాత ‘నాకు పడదు, మానేశాను’ అనడం మొదలుపెట్టాను. విచిత్రమేమిటంటే, సూటిగా చెప్పాక బలవంతపెట్టేవాళ్ళు తగ్గారు. ఒకరిద్దరు పక్కకి పిలిచి ‘ఎలా మానావన్నా?’ అని అడిగారు.

ప్రభుత్వాల సంగతి ఎత్తకుండా ఈ మాట పూర్తికాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలోని కథ చదివి సారా దుకాణం మీదికి వెళ్ళారు. వాళ్ళని ముందుండి నడిపిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ తర్వాత ఎవరు గద్దెనెక్కినా, ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా, మద్యం ఆదాయం లేని బడ్జెట్ లేదు. ఆ ఉద్యమం గొప్పది, అందులో నాకు సందేహం లేదు. కానీ సారా ఆగినప్పుడు గానీ, షాపులు తెరిచినప్పుడు గానీ, మానిన మనిషి ఎక్కడికి వెళ్ళాలి, అతనికి పనెవరిస్తారు అన్న మాట నడవలేదు. 2019లో ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే బయటికొచ్చింది. దేశంలో తాగుడు వల్ల సాయం అవసరమైనవాళ్ళు 5.7 కోట్ల మంది. తాగుడుకి పూర్తిగా బానిసలైనవాళ్ళలో ఏ రకమైన చికిత్సైనా అందింది 38 మందిలో ఒక్కరికి. మిగతా 37 మంది ఇళ్ళల్లో ఆ స్టిక్కర్ నంబరే దిక్కు.

చికిత్స అనగానే అర్ధరాత్రి వ్యాన్‌లో నలుగురు వచ్చి చేతులు విరిచి ఎత్తుకుపోయే ప్రైవేటు సెంటర్లు గుర్తొస్తే ఒక్క విషయం తెలుసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలూ దాని కిందికే వస్తాయి. గొలుసులతో కట్టడం నేరం. చికిత్స ఏమిటో తెలుసుకునే హక్కు మనిషికి ఉంది. చాలా ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. రోజుకి ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, వేరే మాత్రలేమైనా వాడుతున్నాడా, ఇవి అడుగుతారు. జవాబులు మీకంటే అతనికే బాగా తెలుసు, కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకునే చేయండి.